సారు తువ్వాలకు మిగిలిన ముడులు

సారు పోయారన్న వార్త ముందురోజే తెలిసింది. ఏడవడం, ముక్కు చీదడం, ఊరికి ఫోన్ చేసి ఎలా జరిగిందో కనుక్కోవడం అన్నీ అయిపోయాయి. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారు, అంతకంటే మంచి చావు ఎవరికొస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకొని మళ్లీ మిషను ముందు కూర్చున్నాను.

దుబాయ్‌లోని అల్ కుసైస్‌లో మా ఆయనా నేనూ నడిపే దుకాణం బోర్డు మీద లేడీస్ టైలర్స్ అని ఉంటుంది. వచ్చేదంతా చుట్టుపక్కల లేబర్ క్యాంపుల్లో ఉండే మగవాళ్లే. మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా ఉండే నీలం రంగు కవరాల్స్ తెస్తారు, జిప్పు పోయిందనో మోకాలు చిరిగిందనో. ఆ రోజు కూడా ఒక జిప్పు మారుస్తుంటే మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి వీడియో వచ్చింది. సారు కొడుకు తమ ఇంటి ముందు నిలబడి, ఒక తెల్ల తువ్వాలను రెండు చేతులతో పట్టుకొని చూపిస్తున్నాడు.

"బాపు తువ్వాలకు మూడు ముడులు మిగిలినయి. ఇవి ఎవలియో మాకు తెల్వదు. ఎవలివైతే వాళ్లు చెప్పుండ్రి," అంటున్నాడు.

మిషను మీద నా కాలు ఆగిపోయింది. మా ఎమ్మెల్యే సారు తువ్వాల, అంచు పొడుగునా ముడులు. ఎన్నేళ్లయిందో దాన్ని చూసి.

"ఏంటే, మళ్లీ ఏడుస్తున్నావా? ఆ ముడులేంటి?" అన్నారు మా ఆయన. ఆయనది చీరాల. ఇద్దరం ఇక్కడే పరిచయమై ఇక్కడే పెళ్లి చేసుకున్నాం. మా ఊరి సంగతులు ఆయనకు నేను చెప్పినంతవరకే తెలుసు. ఈ సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు. మా అమ్మకే చెప్పలేదు, ఇంక ఆయనకేం చెబుతాను?

మాది మగ్గాల వాడ. పొద్దున్నే కళ్లు తెరవకముందే చెవుల్లో మగ్గాల చప్పుడు పడేది. నూలుకు పెట్టే గంజి పులిసిన వాసన వాడ మొత్తం ఉండేది, మా జుట్టుకు కూడా పట్టేది. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకుంటే "మీ లాగుకు కూడా మా గంజే" అని తగాదా పడేదాన్ని. బాపు మగ్గం నేస్తే, అమ్మా నాయనమ్మా నేనూ రాట్నం మీద కండెలు చుట్టేవాళ్లం. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లకు నూలు చుడితే అదే కండె. గట్టిగా, సమంగా చుట్టాలి. నేను ఆటకు పోవాలన్న తొందరలో వదులుగా చుట్టేసేదాన్ని. మగ్గం మీద నూలు చిక్కుపడేది, బాపు లోపలి నుంచి అరిచేవాడు, "ఇది దాని పనే! దాని చేతులు ఇరగ!" అని.

సారు కూడా మగ్గం నేసిన మనిషే. వయసులో ఉన్నప్పుడు బాపూ ఆయనా ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాల మీద కూర్చున్నారు. సారు కూలి పెంచమని అడిగి, కార్ఖానా వాళ్లు వద్దు పొమ్మంటే ఊరూరా తిరిగి, తిరిగి తిరిగి చివరికి ఎమ్మెల్యే అయ్యారు. అయినా నెలకోసారి మా వాడకు వచ్చేవారు. ఎర్రబస్సు దిగి, అరిగిన చెప్పులతో నడుచుకుంటూ నేరుగా మా ఇంటికే. మా బావి దగ్గరే స్నానం, మా ఇంట్లోనే అన్నం.

"అసెంబ్లీ అంటే ఏంది బాపూ?" అని ఒకసారి అడిగాను.

"అంగడసోంటిదే బిడ్డా. అక్కడ మాటలు అమ్ముతరు," అన్నాడు బాపు.

నేను నిజమే అనుకున్నాను. అంగడికి పోయిన మనిషి వట్టి చేతులతో రాడు కదా, సారు రాగానే సంచీ వైపు చూసేదాన్ని. నా అదృష్టం కొద్దీ అందులో ఉస్మానియా బిస్కెట్లు ఉండేవి, న్యూస్ పేపర్లో చుట్టి. బస్సు డీజిల్ వాసన, బిస్కెట్ల నెయ్యి వాసన కలిసిపోయి ఉండేది. అసెంబ్లీ అంటే ఆ వాసనే అని చాలా రోజులు అనుకున్నాను.

ఇక ముడుల సంగతి. సారు అర్జీ కాగితాలు తీసుకునేవారు కానీ వాటిని నమ్మేవారు కాదు. "కాగితం జేబుల పడుతది, జేబు ఉతుకుల పడుతది, కతం," అనేవారు. ఎవరైనా తమ బాధ చెప్పుకుంటుంటే, వింటూనే భుజం మీది తువ్వాల తీసి అంచుకు ఒక చిన్న ముడి వేసేవారు. నేతపనివాళ్లు తెగిన పోగును అతికినట్టు, చూస్తుండగానే అయిపోయే గట్టి ముడి. ఆ తువ్వాలను ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. రోజూ పొద్దున స్వయంగా ఉతుక్కుంటూ, ఒక్కో ముడినీ బొటనవేలితో తడుముతూ, ఇది ఫలానా ఆయన పింఛను, ఇది ఫలానా ఆమె బిడ్డ బడి అని వరసగా చెప్పుకునేవారు. ముడి చేతికి తగిలితేనే మాట గుర్తొచ్చేది. పని అయ్యాక మళ్లీ ఆ ఇంటికే వచ్చి, తువ్వాల ముందు పెట్టి, "నీ పని అయింది, నీ చేతితోని ఇప్పు," అనేవారు. ముడి విప్పడమంటే ఆ ఇంట్లో పండగే. వాడంతా వచ్చి చూసేవాళ్లం. ఆఫీసర్లు నవ్వేవారట, ఎమ్మెల్యే ఆడమనిషిలా కొంగుముడి వేసుకుంటాడని. నవ్వితే నవ్వనీ అనేవారు సారు.

నా అనుమానం వేరే. మా నాయనమ్మ కొంగుకు కూడా ఎప్పుడూ ఒక ముడి ఉండేది. అందులో పోకచెక్కో, బెల్లం ముక్కో, ఎండు ఖర్జూరమో తప్పకుండా దొరికేది. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తే ఆ ముడి విప్పి, లోపలిది నోట్లో వేసుకొని, బదులు చింతగింజ పెట్టి కట్టడం నాకు రోజువారీ పని. మా నాయనమ్మ ముడిలోనే అన్ని ఉంటే, అసెంబ్లీకి పోయే మనిషి ముడుల్లో ఏముంటాయి! ఎవరు విప్పినా నేను ముందుకు తోసుకొని చూసేదాన్ని. ఏమీ కనపడేది కాదు. విప్పేటప్పుడు చటుక్కున దాచేస్తున్నారని నా గట్టి నమ్మకం.

శివరాత్రి ఇంకా రాలేదు, చలి తగ్గుతోంది. ఆ రోజు సారు వచ్చి అరుగు మీద కూర్చొని, మధ్యలో ఒకసారి బావి దగ్గరికి పోయి పక్కింటి వదిన చేది ఇచ్చిన నీళ్లు తాగొచ్చి, మా వాడలో మొత్తం అయిదు ముడులు వేశారు. నాయనమ్మ సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి గిన్నెకు ఒత్తి, పైన నూనె చుక్కలు వేస్తే, అడుగు ఎర్రగా కాలిన వాసన బావి దాకా వచ్చేది. సారు స్నానం చేస్తున్నారు.  తువ్వాల దండెం మీద ఉంది. అందరి ముక్కులూ పొయ్యి వైపే ఉన్నాయి.

నేను బోర్లించిన గంప ఎక్కాను. అంచు చివరి ముడులు మా వాడవేనని తెలుసు. వాటి మధ్యలోది కొంచెం లావుగా కనపడింది, ఏదైనా ఉంటే ఇందులోనే ఉంటుందనుకున్నాను. గోళ్లతో రాలేదు. పళ్లతో లాగాను. వచ్చింది.

ఏమీ లేదు. తిప్పి చూశాను, వాసన చూశాను. సబ్బు వాసన. అంతే. అబ్బ, ఎంత కోపమొచ్చిందో! నెలల తరబడి పెట్టుకున్న ఆశ. మళ్లీ కడదామంటే ఆ నేత ముడి నాకు రాదు. గంప దిగి, మంచిపిల్లలా పొయ్యి దగ్గర కూర్చొని సర్వపిండి మాడిన అంచు కోసం అమ్మతో పేచీ పెట్టాను. సారు వచ్చారు, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నారు, తిన్నారు, బస్సెక్కారు.

మర్నాడు పొద్దున ఉతుకుతుంటేనే ఆయన వేళ్లకు ఏదో తేడా తెలిసిందట. కానీ ఆ మర్నాడు ఉన్నది హైదరాబాదులో. అసెంబ్లీ అయ్యాక వస్తూ బస్సు దిగబోయి కాలు విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు మంచం మీద. మంచంలో ఉండే ముడులు తడుముతూ, చెప్పి రాయించి ఆఫీసులకు ఉత్తరాలు పంపారు. ఇక చూడండి మా వాడ సంబరం! మధ్యలో ఒక ముడి పోయేసరికి వరస తప్పి, ఒకరిది ఇంకొకరి మీద పడింది. ఇంటి ముందు వీధి దీపం అడిగిన చాయ్ హోటలాయనకు పాడి బర్రె మంజూరైందని కాగితం వచ్చింది. బర్రె అడిగిన ముసలవ్వ ఇంటి ముందు కరెంటు వాళ్లు వచ్చి స్తంభం పాతిపోయారు. ముసలవ్వ ఆ స్తంభాన్ని చూసి, "దీన్ని పిండితె పాలత్తయారా?" అని నెల రోజులు తిట్టింది. అందరూ కడుపు పట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను. నా మొహం, అది నా పనే అని అప్పటికీ నాకు తట్టలేదు.

మిరుగం రోజుల్లో, తొలి వానలకు వాడంతా బురదగా ఉన్నప్పుడు, సారు కర్ర పట్టుకొని వచ్చారు. మా అరుగు మీద కూర్చొని అందర్నీ పిలిపించారు.

"ఈ వాడల నేను ఐదు ముడులేసిన. ఇప్పుడు నాలుగే ఉన్నయి. తప్పు నాదే. ఎవలేం అడిగిన్రో మళ్ల చెప్పుండ్రి," అన్నారు.

అప్పుడు తట్టింది నాకు. మెల్లగా పక్కింటి అరుగు వైపు జరిగాను.

"నాది బర్రెనే సారూ!" అన్నాడు హోటలాయన. ముసలవ్వ చేతిలోని కర్ర లేపింది. నవ్వులు. ఒక్కొక్కరే చెప్పారు. దీపం, బర్రె, వితంతు పింఛను, బడికి పెంకులు. నాలుగయ్యాయి.

"అయిదోది?"

 సారు ఒక్కో మొహం చూస్తున్నారు. పక్కింటి అరుగు మీద వదిన రాట్నం తిప్పుతోంది. ఆమె పెళ్లై వచ్చి నాలుగేళ్లు. భర్త దుబాయ్ పోయాడు. అప్పట్లో మాకు గల్ఫ్ అంతా దుబాయే. రెండేళ్లుగా ఉత్తరం లేదు, మనిషి జాడ లేదు. అక్కడ ఇంకొకతెను చేసుకున్నాడట అని వాడలో గుసగుసలు. అత్తగారు ఆ అరుగు మీదే కూర్చొని ఉంది.

"నీదేమన్న ఉన్నదా బిడ్డా?" అన్నారు సారు ఆమెతో.

"లేదు సారూ. నేనేం అడగలే," అంది వదిన తల ఎత్తకుండా.

నేను ఆమె పక్కనే ఉన్నాను. రాట్నం గిరగిర తిరుగుతోంది. నూలు ఎప్పుడో తెగిపోయింది. తెగిన పోగు కింద పడి ఉంది. వదిన వట్టి రాట్నాన్నే తిప్పుతోంది, ఇంకా జోరుగా తిప్పుతోంది. కండెలు వదులుగా చుట్టినందుకు రోజూ తిట్లు తినే నాకు ఆ ఒక్క సంగతి మాత్రం కనపడింది. ఆ రోజు బావి దగ్గర నీళ్లు చేది ఇచ్చింది ఈమే కదా, ఎవరూ లేనప్పుడు అడిగి ఉంటుంది, ఇప్పుడు వాడందరి ముందు, అత్త ముందు మళ్లీ అడగలేకపోతోంది అని నాకు తెలిసిపోయింది. ఏడుపొచ్చింది. భయమూ వేసింది. చెబితే బాపు తోలు తీస్తాడు.

సారు లేచి బస్సుకు నడిచారు. నేను వెనకాలే, ఇళ్ల గోడల చాటున. బస్సు వచ్చి ఆగింది. ఆయన కర్ర మెట్టు మీద పెట్టారు.

"సారూ, ముడి నేనే ఇప్పిన!" అని అరిచాను.

కండక్టర్ నవ్వాడు. సారు మెట్టు మీది నుంచి కర్ర తీసి కింద పెట్టారు.

"ఎందుకిప్పినవే?"

"లోపట ఏమున్నదో సూద్దామని."

"ఏమున్నది?"

"ఏం లేదు."

ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "అది వదినది సారూ. ఆమె లేదన్నది గని ఆమెదే. నూలు తెగినా రాట్నం తిప్పుకుంటనే ఉన్నది," అని ఏడుస్తూ చెప్పేశాను.  సారు బస్సును పొమ్మని చెయ్యి ఊపారు. మళ్లీ బస్సు సాయంత్రానికే.

అక్కడే బస్సు రేకుల కింద రాయి మీద కూర్చొని, తువ్వాల అంచు నా చేతిలో పెట్టారు. "ఇప్పినదానివి నువ్వే. నువ్వే కట్టాలె," అన్నారు. నేత ముడి ఎలా వేయాలో చూపించారు. నాలుగుసార్లు జారిపోయింది. అయిదోసారికి నిలిచింది.

"ఒక మనిషి నోరు తెరిచి ఒక్కపారి అడుగుటానికే పానం పోతది బిడ్డా. రెండోపారి అడుగుమంటె ఎట్ల అడుగుతది? మనమే పోవాలె," అని లేచి, కర్ర టకటకమనిపిస్తూ బురదలో మళ్లీ వాడ వైపు నడిచారు. వదిన ఇంటికి పోయి మంచినీళ్లు అడిగారు. అత్తగారు పొయ్యి దగ్గరికి చాయ్ పెట్టడానికి పోయినప్పుడు వదినతో మాట్లాడారు. నన్ను మాత్రం గడప అవతలే ఉండమన్నారు. నాకు ఒక్క మాట వినపడలేదు. వినపడనందుకు ఎంత గిలగిలలాడానో నాకే తెలుసు.

తర్వాత తెలిసింది. వదిన దగ్గరున్నది ఒక్క పెళ్లి ఫోటో. అందులోంచి మగని మొహం వరకు తీయించి, సారు చాలా కాపీలు వేయించారు. మా వైపు నుంచి దుబాయ్ పోయే ప్రతి మనిషి జేబులో ఒకటి పెట్టారు. ఎంబసీకి ఎన్నిసార్లు రాయించారో లెక్క లేదు. దసరా దాటాక ఒక లారీ డ్రైవర్ ఉత్తరం రాశాడు. ఎడారిలో మేకల మందలకు గడ్డి దించడానికి పోతే, అక్కడ ఈ ఫోటోలో మనిషి ఉన్నాడని. ఇంకొకతె లేదు, ఏమీ లేదు. మనిషికి చదువు రాదు, ఉత్తరం రాసిపెట్టే దిక్కు లేదు, పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గర ఉంది. సారు ఎంబసీ వాళ్ల వెంటపడితే సంక్రాంతి ముందే ఇంటికి వచ్చేశాడు, ఎముకల మీద తోలు కప్పుకొని.

ముడి విప్పడానికి సారు వచ్చిన రోజు వాడ వాడంతా వదిన అరుగు ముందే. సారు తువ్వాల ముందు పెట్టి, "ఇప్పు బిడ్డా," అన్నారు.

వదిన నా వైపు చూసి నవ్వింది. "దాన్ని పిలువుండ్రి. ముడులిప్పుడు దానికే బాగచ్చు," అంది.

సారు ఆమెకు చెప్పేశారన్నమాట, చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. వాడవాళ్లకు అర్థం కాలేదు, అయినా నవ్వారు. నేను విప్పాను, ఈసారి పళ్లతో కాదు. అమ్మ బెల్లం పంచింది. అంతా బాగానే ఉంది. అప్పుడు అన్న, అంటే వదిన భర్త, బెల్లం చప్పరిస్తూ చెప్పాడు. "ఇన్నేండ్లు ఎట్లనో ఎల్లదీసిన గని, మొన్నటి ఎండకాలమే సచ్చిన అనుకున్న. నీళ్ల బండి ఎన్నో దినాలు రాలే. మేకలకు పోసే నీళ్లే తాగిన. సగం మేకలు సచ్చినయి." అరికాళ్లు చూపించాడు. పగుళ్లలో వేలు పట్టేట్టుంది.

మొన్నటి ఎండాకాలం. శివరాత్రికి, మిరుగానికి మధ్య. ఆ ముడి ఉండి ఉంటే, సారు మంచంలో నుంచి రాయించిన ఉత్తరాలలో ఆయనదీ ఒకటి ఉండేది. నాకు పదేళ్లు, అయినా ఆ లెక్క నాకు తెలిసిపోయింది. నోట్లో బెల్లం చేతిలోకి ఉమ్మేసుకున్నాను. సారు ఒక్కరే నా వైపు చూశారు. దగ్గరికి పిలిచి నా తల మీద చెయ్యి పెట్టారు.  ఆ ఎండాకాలం నాదని ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

నేను దుబాయ్ వచ్చాక, మొదటి జూన్ నెలలో ఒక మధ్యాహ్నం దుకాణం బయటికి అడుగు పెట్టి, ఆ వేడి మొహానికి కొట్టగానే అన్న అరికాళ్లే గుర్తొచ్చాయి. ప్రతి ఏడూ గుర్తొస్తాయి.

సారు తర్వాత ఎన్నికల్లో ఓడిపోయారు. మళ్లీ నిలబడలేదు. ముడులు మాత్రం మానలేదు. ఈమధ్య దుబాయ్ నుంచి మా వాళ్లు ఫోన్ చేస్తే, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, రెండు చేతులతో ముడి వేసుకుంటూ వినేవారట. నేనూ పండగలకు ఫోన్ చేసేదాన్ని. "ఏమే, ఇంకా ఇప్పుతున్నవా?" అని అడిగేవారు. నేను నవ్వి మాట మార్చేదాన్ని. ఆ ఎండాకాలం గురించి ఒక్కసారైనా నోరు విప్పి క్షమించమని అడగాలనుకునేదాన్ని. అడగలేకపోయాను. ఇప్పుడిక మనిషే లేరు.

ఇదంతా మా ఆయనకు చెప్పేసరికి కవరాల్ అలాగే మిషను మీద ఉండిపోయింది. "చిన్నపిల్లవే, నీకేం తెలుసే అప్పుడు," అన్నారాయన. అందరూ అదే అంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం క్యాంపు భోజనశాలలో సంతాప సభ పెట్టారు మావాళ్లు. క్యాంప్ బాస్ పెషావర్ వైపు మనిషి, మంచివాడే. "దీదీ, ఏక్ ఘంటా. ఫిర్ ఖలాస్," అని తాళాలు ఇచ్చాడు. స్టీలు బల్ల మీద సారు ఫోటో, కరామా బజారు నుంచి తెచ్చిన పూలదండ. నేను పొద్దున్నే లేచి సర్వపిండి కాల్చుకొని పోయాను. గ్యాసు పొయ్యి మీద ఆ మాడు వాసన రాదు, అయినా మావాళ్లు పళ్లెం నాకేశారు.

ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. ఒకాయన తన తండ్రి శవాన్ని మస్కట్ నుంచి సారు ఎలా తెప్పించారో చెప్పాడు. ఇంకొకాయన తను చదివిన హాస్టల్ సంగతి చెప్పాడు. అప్పటికే గ్రూపులో రెండు ముడులకు మనుషులు దొరికారు. ఒకటి పొలం కొలతల కోసం తిరుగుతున్న ముసలాయనది, ఒకటి బడిలో వంట చేసే ఆమెది. మూడోది ఎవరిదో తేలలేదు.

నన్ను మాట్లాడమన్నారు. సారు వచ్చిపోయే వాడ పిల్లను అక్కడ నేనొక్కదాన్నే కదా. పొగడ్తలు నాలుగు తయారు చేసుకొని పోయాను. నిలబడ్డాక అవేవీ నోటికి రాలేదు. గంప ఎక్కడం, పళ్లతో లాగడం, రాట్నం, ఆ ఎండాకాలం, అన్నీ చెప్పేశాను. బర్రె దగ్గర అందరూ నవ్వారు. అరికాళ్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఎండాకాలంలో సైట్ల మీద పనిచేసేవాళ్లే అక్కడున్నదంతా.

"మూడో ముడి ఇక్కడ ఎవరిదైనా ఉందా?" అని అడిగాను.

ఎవరూ లేవలేదు.  అప్పుడు తలుపు దగ్గరి బల్ల మీద కూర్చున్న ఒకాయన, "నాదేం లేదక్కా. నేనెప్పుడు సారును అడగలే," అన్నాడు. అప్పటిదాకా నేను అతని వైపు చూడనైనా లేదు. నలభై ఏళ్లుంటాయి, సైటు మీద ఇనుప కడ్డీలు కట్టే పని. ఈ నెలలో మా దుకాణానికి మూడుసార్లు వచ్చాడు, జిప్పు పట్టేస్తోందని. మూడుసార్లూ చూశాను, జిప్పు శుభ్రంగా ఉంది. కాసేపు నిలబడి, మా ఆయనతో వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు అతని చెయ్యి ఆ జిప్పును పైకీ కిందికీ లాగుతోంది, లాగుతూనే ఉంది.

నాకు ఒక్కసారిగా పక్కింటి అరుగు గుర్తొచ్చింది. అందరి ముందు ఇంకో మాట అడగలేదు. సభ అయ్యాక గట్టిగా అన్నాను, "తమ్మీ, ఆ జిప్పు మళ్లీ పట్టేసినట్టుంది. దుకాణానికి పట్టుకరా."

వచ్చాడు. మా ఆయన కుర్చీ వేసి, ఏమీ అడగకుండా చాయ్ తేవడానికి బయటికి పోయారు. ఆయనకు ఈ ఒక్క తెలివి మాత్రం బాగా ఉంది. అతను నేల చూస్తూనే నోరు విప్పాడు. 

"మా తమ్ముడక్కా. అబుదాబిల ముసఫ్ఫా దిక్కు ఐకాడ్ కార్ఖానాల పనికచ్చిండు. ఏడు నెలలైంది ఫోన్ లేదు. క్యాంపుకు పోతె ఎల్లిపోయిండు, మాకు తెల్వదు అన్నరు. ఏం తప్పు చేసిండో, కఫీల్‌ను ఇడిచి పారిపోయిండో, నలుగుట్ల ఎట్ల చెప్పాలె? ఇంట్ల అమ్మకు బాగనే ఉన్నడని చెప్తున్న. సారుకు ఒక్కపారి ఫోన్ చేసిన. ముడేసిన కొడుకా అన్నడు. గంతల్నే..." అని ఆగిపోయాడు.

"ఫోటో ఉందా?"

ఫోన్ తీసి చూపించాడు. నవ్వుతున్న పిల్లాడు, నెత్తిన పసుపు హెల్మెట్.

నా చున్నీ అంచు తీసుకున్నాను. ముడి మొదటిసారే నిలిచింది. ఎన్ని వేల గుడ్డలు కుట్టినా, ఆ ముడి బస్సు రేకుల కింద నేర్చుకున్నదే, మరచిపోలేదు. మా ఆయన చాయ్ పట్టుకొని వచ్చి చూశారు.

"అందులో ఏం కట్టావే?"

"ఇతని తమ్ముణ్ని," అన్నాను. "ఎండలు ముదరడానికి ఇంకా నెల ఉంది. రేపు దుకాణం మీరు చూసుకోండి. ఆ ఫోటో యాభై కాపీలు తీయించి, నేను ముసఫ్ఫా పోయొస్తాను."